ఎక్స్ బ్రేసులకు రెండు చివర్లా పిన్ పెడితే మోడల్ కూలుతోంది, ఫిక్స్‌డ్ వదిలేస్తే బాగానే ఉంది. ఎక్కడ తప్పుతున్నాను?

కొత్తకాలమ్
అందరికీ నమస్కారం. స్టాడ్‌లో (నిర్మాణాల బలాలు లెక్కించే సాఫ్ట్‌వేర్) రెండంతస్తుల ఉక్కు ప్లాట్‌ఫామ్ మోడల్ చేస్తున్నాను, పైన యంత్రాలు వస్తాయి. బే, అంటే కాలమ్‌ల మధ్య దూరం, 6 మీటర్లు, అంతస్తు ఎత్తు 4 మీటర్లు. బీములన్నీ రెండు చివర్లా పిన్ (చివర తిరగనిచ్చేది; ఫిక్స్‌డ్ అంటే తిరగనివ్వనిది), కాబట్టి పక్కనుంచి వచ్చే బలం మొత్తం బ్రేసులదే. పొడవు దిశలో 150×150×6 చదరపు ట్యూబుతో ఎక్స్ బ్రేసులు, అంటే ఎక్స్ ఆకారంలో దాటే ఏటవాలు మెంబర్లు. అడ్డ దిశలో అవే కొలతల బేలో 20 మి.మీ. రాడ్లు.

డ్రాయింగులో బ్రేసులకు పిన్ అని రాసి ఉంది. అందుకే రిలీజ్ (చివర పట్టు వదలడం) పెట్టెలో కనిపించిన ప్రతి మొమెంట్‌కూ టిక్ కొట్టాను: ఎంఎక్స్ (మెలి, అంటే టార్షన్), ఎంవై, ఎంజెడ్ (రెండు దిశల వంపు), రెండు వైపులా. రన్ చేస్తే ఇన్‌స్టెబిలిటీ హెచ్చరికలు పేజీల కొద్దీ వచ్చాయి, 'వీక్ స్ప్రింగ్ కలిపాను' అంటోంది. రిలీజులన్నీ తీసేస్తే హెచ్చరిక ఒక్కటీ లేదు. 'అలాగే ఫిక్స్‌డ్ వదిలెయ్, తేడా ఏముంటుంది' అని మా పక్క సీటాయన సలహా. వదిలేయొచ్చా?

నోడ్‌రాజా
రెండు చివర్లా టార్షన్ వదిలేశావు కదా, అదే. ఒక చివర ఎంఎక్స్ తీసెయ్, పోతుంది.

గసెట్‌బాబాయ్
రాజా చెప్పింది సగం. తమ్ముడూ, రెండు చివర్లా టార్షన్ వదిలిన బ్రేసు కవ్వం లాంటిది. తన ఇరుసు మీద తాను ఎంతైనా తిరుగుతుంది, ఆపేవాడు లేడు. అందుకే ఎంవై, ఎంజెడ్ రెండు వైపులా వదలొచ్చు గానీ ఎంఎక్స్ ఒక వైపే. పైన వదిలావా కింద వదిలావా అన్నది ముఖ్యం కాదు.

కానీ పేజీల కొద్దీ హెచ్చరికలు దాంతోనే రావు. ఒకటి చెప్పు: రెండు ట్యూబులు దాటే చోట నోడ్, అంటే మెంబర్లు కలిసే బిందువు, ఉందా?

కొత్తకాలమ్
ఉంది బాబాయ్. గీసేటప్పుడు 'ఇంటర్‌సెక్ట్' కొట్టాను, ప్రతి బ్రేసూ రెండు ముక్కలైంది. ఇప్పుడు ఒక్కో ఎక్స్‌లో నాలుగు మెంబర్లు. అన్నిటికీ ఒకేసారి రిలీజ్ అసైన్ చేశాను.

గసెట్‌బాబాయ్
దొరికింది. మధ్య నోడ్‌లో నాలుగు ముక్కలు కలుస్తున్నాయి, నాలుగూ అక్కడ పిన్నే. నాలుగూ ఒకే తలంలో ఉన్నాయి. ఆ నోడ్‌ను తలంలో నుంచి బయటికి వేలితో తోసినా ఎదురు నిలిచేది లేదు. నోడ్ తిరగకుండా పట్టుకునేదీ లేదు. నీ హెచ్చరికల పట్టీ తీసి జాయింట్ నంబర్లు చూడు, ముప్పాతిక వంతు ఆ మధ్య నోడ్లే అయి ఉంటాయి.

నోడ్ దగ్గర ఎప్పుడూ ఒకటే ప్రశ్న వేసుకో: ఇక్కడికి వచ్చిన వాళ్లందరూ చేయి వదిలేస్తే నోడ్‌ను ఎవరు పట్టుకుంటారు? కనీసం ఒక్కరు పట్టుకోవాలి, మూడు తిరుగుళ్లకూ.

చేయాల్సింది: బయటి చివర్లలోనే రిలీజ్. మధ్య నోడ్ వైపు ఏ ముక్కకూ ఏ రిలీజూ వద్దు. ట్యూబు అక్కడ తెగలేదు, నువ్వు గీతను ముక్క చేశావంతే.

ఈటాబ్స్‌వాసి
పక్క సాఫ్ట్‌వేర్ వాళ్ల కోసం: శాప్, ఈటాబ్స్ రెండూ రెండు వైపులా టార్షన్ రిలీజును ఒప్పుకోవు. అలాగే రెండు చివర్లా యాక్సియల్ (పొడవు వెంట బలం) వదిలినా ఒప్పుకోవు. ఇంకో సంగతి, వీటిలో రెండు ఫ్రేమ్ మెంబర్లు తెర మీద ఒకదాన్నొకటి దాటినంత మాత్రాన కలిసినట్టు కాదు. అక్కడ జాయింట్ పెట్టి ముక్క చేస్తే ఖాయంగా కలుస్తాయి. గీత గీతను దాటింది, బోల్టు కొట్టేశాం అనుకుంటే మోసపోతాం.

నోడ్‌రాజా
ఇంత గొడవ ఎందుకు? స్టాడ్‌లో పార్షియల్ రిలీజ్ ఉంది. ఎంపీ 0.99 పెట్టు. నూటికి ఒక వంతు బిగువు మిగులుతుంది, హెచ్చరిక రాదు, మొమెంట్ కూడా దాదాపు సున్నా. నేను అన్ని మోడళ్లలో అదే చేస్తా.

చేతిలెక్క
రాజా గారూ, చేయొచ్చు. కానీ అది జ్వరం తగ్గకుండా థర్మామీటరు దాచడం. మధ్య నోడ్ సంగతే చూడండి. 0.99 పెడితే ఆ నోడ్ బయటికి పోకుండా ఆ ఒక్క వంతు బిగువే ఆపుతుంది. హెచ్చరిక పోయింది, మెకానిజం (నిలవక కదిలిపోయే అమరిక) పోలేదు. యంత్రం నుంచి చిన్న అడ్డ బలం అక్కడ పడిందా, చేతాడంత డిఫ్లెక్షన్ చూపిస్తుంది. కారణం తెలిసి, అది ప్రమాదం లేనిదని తేల్చుకున్నాక 0.99 పెడితే నాకు అభ్యంతరం లేదు. కారణం తెలియక ముందు పెడితే ఉంది.

నోడ్‌రాజా
సరే సరే. ఇంతవరకూ కూలలేదు కదా 🙂

కొత్తకాలమ్
బాబాయ్ చెప్పినట్టు చేశాను. మధ్య నోడ్ల హెచ్చరికలు మాయం. కానీ కింద కాలమ్ బేస్ దగ్గర ఇంకా వస్తున్నాయి, అన్నీ రొటేషన్ దిశలోనే. బేస్ సపోర్ట్ పిన్‌డ్ పెట్టాను.

గసెట్‌బాబాయ్
కాలమ్ కింది చివరకు కూడా రిలీజ్ పెట్టావా?

కొత్తకాలమ్
...పెట్టాను. బేస్ పిన్ కదా అని.

గసెట్‌బాబాయ్
పిన్ సపోర్ట్ అంటేనే అక్కడ తిరగనిస్తున్నావు. మళ్లీ కాలమ్‌కు రిలీజ్ పెడితే సపోర్టూ వదిలింది, కాలమూ వదిలింది, బ్రేసు ముందే వదిలింది. నోడ్ ఒంటరిగా బొంగరం తిరుగుతోంది. ఈ రకం హెచ్చరిక నిజానికి బలాలను పాడు చేయదు, ఆ నోడ్ తిరిగినా ఎవరికీ నొప్పి లేదు. కానీ ఇలాంటి పనికిరాని హెచ్చరికలు యాభై పోగైతే వాటి మధ్య నిజమైనది ఒకటి నక్కి కూర్చుంటుంది. కాలమ్ రిలీజ్ తీసెయ్.

అదే చేత్తో ఇంకో పని: ప్రతి లోడు కేసుకూ సపోర్ట్ రియాక్షన్ల మొత్తం, నువ్వు పెట్టిన లోడు మొత్తం సరిపోయాయో చూడు. వీక్ స్ప్రింగ్ ఎక్కడైనా బలాన్ని మింగితే అక్కడ బయటపడుతుంది.

కొత్తకాలమ్
సరిపోయాయి. హెచ్చరికలు సున్నా. అందరికీ దండాలు.

కానీ మొదటి ప్రశ్న అలాగే ఉంది. ఫిక్స్‌డ్ వదిలేస్తే నిజంగా ఏమవుతుంది? రెండు రకాలుగా రన్ చేసి చూస్తే బ్రేసు యాక్సియల్ దాదాపు ఒకటే.

చేతిలెక్క
మీ కొలతలతోనే లెక్క చూద్దాం, సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

బ్రేసు పొడవు: 36, 16 కలిపి వర్గమూలం, 7.21 మీటర్లు. ట్యూబు ఏరియా సుమారు 33.6 చ.సెం.మీ. ఈఏ బై ఎల్ (ఉక్కు స్థితిస్థాపక గుణకాన్ని ఏరియాతో గుణించి పొడవుతో భాగిస్తే) అంటే మి.మీ.కి 93 కిలోన్యూటన్లు. పక్కకు తోస్తే ఒక్క బ్రేసు ఇచ్చే బిగువు దీనికి కోణం కొసైన్ వర్గం, 0.692, రెట్లు. అంటే మి.మీ.కి 64.5 కిలోన్యూటన్లు. ఒక్క బ్రేసే 100 కిలోన్యూటన్లు మోస్తుందనుకున్నా పైభాగం కదిలేది 1.55 మి.మీ. మాత్రమే.

ఆ కదలికలో బ్రేసుకు అడ్డంగా పడే భాగం 0.86 మి.మీ. రెండు చివర్లూ ఫిక్స్‌డ్ అయితే 6ఈఐ డెల్టా బై ఎల్ స్క్వేర్ (ఐ అంటే వంపును ఆపే సెక్షన్ కొలత, డెల్టా అంటే ఆ కదలిక) ప్రకారం మొమెంట్ 0.23 కిలోన్యూటన్ మీటర్లు. గోరంత.

ఇప్పుడు సొంత బరువు. మీటరుకు 0.26 కిలోన్యూటన్లు, మొత్తం 1.9. వాలుగా ఉంది కాబట్టి అడ్డ పొడవు 6 మీటర్లు తీసుకోవాలి. మధ్య నోడ్ లేదనుకుంటే పిన్ బ్రేసు నడుమ మొమెంట్ 1.4. ఫిక్స్‌డ్ అయితే చివర్లలో 0.94. అంటే ఫిక్స్‌డ్ పెడితే మీకు చివర కనిపించే మొమెంట్‌లో ఎక్కువ భాగం గాలిది కాదు, ట్యూబు బరువుది.

అందుకే యాక్సియల్ మారదు. మీ పక్క సీటాయన ఆ వరకూ తప్పు కాదు. తప్పు ఎక్కడంటే, ఆ చివరి మొమెంట్‌ను సాఫ్ట్‌వేర్ కనెక్షన్ చేసేవాళ్లకు అప్పజెబుతుంది. గసెట్, అంటే బ్రేసు చివరను కలిపే ప్లేటు, దాన్ని మోసేలా గీయకపోతే మోడల్ ఒకటి, కట్టింది మరొకటి. బ్రేసు లావై పొట్టిదైనా, జాయింట్లు బీము వంగుడుతో బాగా తిరిగినా ఈ మొమెంట్లు గోరంతగా ఉండవు.

సైటుపక్షి
గసెట్ నిజంగా పిన్ అని ఎవరు చెప్పారు? నాలుగు బోల్టులు బిగించి, పైన వెల్డు కొట్టి, అది తిరుగుతుందంటే నాకు నవ్వొస్తుంది.

గసెట్‌బాబాయ్
నవ్వు పక్షీ, నవ్వు. తలంలో అది గట్టిదే. పిన్ అన్నది ఊహ, కానీ ఒక వైపుకు సురక్షితమైన ఊహ: బ్రేసు పని యాక్సియల్ అని తేల్చి, దారి మొత్తం ఆ బలానికి సరిపడా చేస్తున్నాం. ప్లేటు తలం బయటికి మాత్రం పలచనే, అక్కడ నిజంగానే వంగుతుంది. భూకంపానికి గట్టిగా డిజైన్ చేసేచోట ఆ వంగుడునే కావాలని వాడుకుంటారు. బ్రేసు చివరకూ ప్లేటు వంగే గీతకూ మధ్య ప్లేటు మందానికి రెట్టింపు ఖాళీ వదిలేది అందుకే. బ్రేసు బకిల్ అయినప్పుడు, అంటే నొక్కుడుకు పక్కకు వంగిపోయినప్పుడు, ప్లేటు అక్కడ మడత పడాలి, వెల్డు చిరగకూడదు. ఆ ఖాళీ మోడల్లో కనిపించదు, డ్రాయింగులో కనిపించాలి.

కొత్తకాలమ్
ఇప్పుడు రాడ్ల వైపు వచ్చాను. అక్కడ మళ్లీ గోల. రాడ్లకు కూడా పిన్ రిలీజులే పెడితే ఒక్క రాడ్డూ పాస్ కావడం లేదు. గాలి లేకుండా సొంత బరువుకే ఫెయిల్!

చేతిలెక్క
అవుతుంది. 20 మి.మీ. రాడ్డు మొత్తం బరువు 175 న్యూటన్లు. దాన్ని బీములా చూస్తే నడుమ మొమెంట్ 0.13 కిలోన్యూటన్ మీటర్లు. రాడ్డు సెక్షన్ మాడ్యులస్ 785 ఘన మి.మీ. భాగిస్తే స్ట్రెస్ దాదాపు 167 మెగాపాస్కల్స్. అది నిజం కాదు. రాడ్డు తీగలా వేలాడుతుంది, కొంచెం బిగిస్తే తిన్నగా అవుతుంది, బీములా వంగి బరువు మోయదు. రిలీజులు తీసేసి దాన్ని మెంబర్ ట్రస్ (పొడవు వెంట బలం మాత్రమే మోసేది) చేయండి. అప్పుడు బరువు చివరి నోడ్లకు పోతుంది, బెండింగ్ ఉండదు.

ట్యూబుకు మాత్రం ట్రస్ వద్దు, రిలీజే మంచిది. దానికి ఆ 1.4 నిజంగా ఉంది, యాక్సియల్‌తో కలిపి చెక్ చేయాలి.

ఈటాబ్స్‌వాసి
రాడ్డుకు ట్రస్ చాలదు, టెన్షన్ ఓన్లీ (లాగుడు మాత్రమే మోసేది) కావాలి. పొడవు బై రేడియస్ ఆఫ్ గైరేషన్, అంటే స్లెండర్‌నెస్ (సన్నదనం), చూస్తే 1440 దాటింది. నొక్కితే నొక్కుడు తీసుకునే మొహం కాదు అది. స్టాడ్‌లో మెంబర్ టెన్షన్. మా దగ్గర కంప్రెషన్ లిమిట్ సున్నా. జాగ్రత్త, మా దగ్గర ఆ లిమిట్ నాన్‌లీనియర్ కేసుల్లోనే పనిచేస్తుంది. లీనియర్ కేసు దాన్ని చూడనట్టే పోతుంది, రెండు రాడ్లూ పనిచేస్తున్నట్టు సగం సగం బలం పంచుతుంది. ఎంతమంది ఇక్కడ కాళ్లు జారారో.

కొత్తకాలమ్
మెంబర్ టెన్షన్ పెట్టాను. గాలి కాంబినేషన్లలో ఒక రాడ్డుకు ఇంకా కంప్రెషన్ చూపిస్తోంది.

చేతిలెక్క
లోడ్ కాంబినేషన్ వాడారు కదా? అది విడివిడిగా లెక్కించిన ఫలితాలను కూడేస్తుంది. టెన్షన్ ఓన్లీలో కూడడం చెల్లదు, ఎందుకంటే డెడ్ లోడులో పనిచేసే రాడ్డు వేరు, గాలిలో పనిచేసే రాడ్డు వేరు. రిపీట్ లోడ్ వాడండి, అది లోడులను ముందే కలిపి కొత్తగా సాల్వ్ చేస్తుంది.

కొత్తకాలమ్
రిపీట్ లోడ్ పెట్టాక గాలి ఉన్న కేసులు బాగున్నాయి. అడ్డ దిశలో 25 కిలోన్యూటన్లు, రాడ్డులో 30 వచ్చింది. చేత్తో 25 బై 0.832 చేసి చూసుకున్నాను, సరిపోయింది. కానీ గాలి లేని కేసు, ఉత్త బరువు మాత్రం, ఇన్‌స్టెబిలిటీ అంటోంది. బరువుకు ఫ్రేమ్ పడిపోవడం ఏమిటి?

గసెట్‌బాబాయ్
ఇది మంచి ప్రశ్న. ఇంతసేపటికి పనికొచ్చే చోటికి వచ్చాం. అమ్మా చేతిలెక్కా, నువ్వే చెప్పు.

చేతిలెక్క
కాలమ్‌లో బరువు వల్ల స్ట్రెస్ 80 మెగాపాస్కల్స్ అనుకుందాం. 4 మీటర్ల కాలమ్ 1.6 మి.మీ. కుదించుకుపోతుంది. ఆ బేలోని రెండు రాడ్లూ ఒక్కోటీ 0.89 మి.మీ. పొట్టివి కావాలి, అంటే రెండూ కంప్రెషన్‌లోకి పోతాయి. టెన్షన్ ఓన్లీ కాబట్టి సాఫ్ట్‌వేర్ రెండింటినీ తీసేస్తుంది. ఇప్పుడు మీ ఫ్రేమ్‌లో ఆ దిశలో ఏముంది? పిన్ బీములు, పిన్ బేసులు. ఏమీ లేదు. మోడల్ చెప్పింది నిజమే.

దారులు రెండు. ఒకటి, బరువు కేసుల్లో ఎలాగూ కొంత అడ్డ బలం, నోషనల్ లోడ్, పెట్టాలి. అది ఉంటే ఒక రాడ్డు బిగుసుకుంటుంది, కానీ ఫ్రేమ్ ముందు కొంచెం ఒరగాలి, ఆ ఒరుగుడు మీకు డిఫ్లెక్షన్‌లో కనిపిస్తుంది. రెండోది, నిజంగా సైటులో చేసేదే: టర్న్‌బకిల్‌తో (రాడ్డును బిగించే మర) బిగించడం. మోడల్లో రాడ్డును చల్లబరచండి. 0.89 మి.మీ. బై 7211 అంటే 0.000123, ఉక్కు వ్యాకోచ గుణకం 0.000012 తో భాగిస్తే సుమారు 10 డిగ్రీలు. అంత చల్లబరిస్తే రాడ్డు సున్నా దగ్గర నిలుస్తుంది, ఇంకో 10 డిగ్రీలు అయితే 7.5 కిలోన్యూటన్ల బిగువు ఉంటుంది.

సైటుపక్షి
పది డిగ్రీలంటే పొద్దునకీ మధ్యాహ్నానికీ తేడా. ఎండ పడ్డ రాడ్డు ఎందుకు వదులై ఊగుతుందో ఇప్పుడు అర్థమైంది. మేము డెడ్ లోడు ఎక్కాక రెండోసారి టర్న్‌బకిల్ తిప్పుతాం, ఎందుకో అడిగితే మేస్త్రీ చెప్పేవాడు కాదు.

కొత్తకాలమ్
అంటే ట్యూబు ఎక్స్‌లలో కూడా బరువుకే కంప్రెషన్ వస్తోందా? ఇప్పుడు చూశాను, రెండు ట్యూబుల్లోనూ మైనస్ 78!

చేతిలెక్క
రావాల్సిందే. 0.89 ని 93 తో గుణిస్తే 83. మీ బీము కొంచెం సాగింది కాబట్టి 78. గాలికి 100 వస్తే ఒక్కో ట్యూబుకు 60, అంటే బరువే ఎక్కువ ఇస్తోంది. చాలామంది ఈ అంకె చూసి సాఫ్ట్‌వేర్ పిచ్చిది అనుకుంటారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దయచేసి చూడండి. ఎక్స్‌లో ఒకటి టెన్షన్, ఒకటి కంప్రెషన్ అయినప్పుడు దాటే చోటు తలం బయటికి కూడా సపోర్టు అవుతుందని పొడవులో సగం తీసుకుంటాం. రెండూ కంప్రెషన్ అయితే ఎవరు ఎవరిని పట్టుకుంటారు? ఇద్దరూ కలిసి బయటికి పోతారు. ఆ కేసుకు తలం బయట పూర్తి 7.21 తీసుకోండి. ఆయిలర్ లోడు (బకిల్ అయ్యే బలం) అప్పుడు 436 కిలోన్యూటన్లు, ట్యూబు స్లెండర్‌నెస్ 123. మీ 78, 60 కలిపి 138. బతికారు, కానీ సగం పొడవుతో చూపించిన 1746 ని నమ్ముకుని కాదు.

ఈటాబ్స్‌వాసి
బకిలింగ్ అనాలిసిస్ చేసి చూద్దాం అనుకునేవాళ్లకు: పిన్ బ్రేసును ఒక్క ఎలిమెంటుగా వదిలితే ఆయిలర్ ఫార్ములాలోని 9.87 బదులు 12 వస్తుంది, అంటే 21 శాతం పైగా ఎక్కువ ధైర్యం. రెండు ముక్కలు చేస్తే తేడా ఒక శాతం లోపే. కానీ భవనం ఊగే తీరులను (మోడ్లను) లెక్కించే అనాలిసిస్‌కు ముక్కలు చేయకండి, బ్రేసులు ఊగే మోడ్లతో పట్టీ నిండిపోతుంది, అసలు భవనం మోడ్ వెతుక్కోవాలి.

రెస్పాన్స్ స్పెక్ట్రమ్ (భూకంపానికి చేసే లెక్క) ఉంటే రాడ్ల సంగతి కూడా: అది లీనియర్. రెండు రాడ్లూ పనిచేస్తాయనుకుంటుంది, బిగువు రెట్టింపు, పీరియడ్ (ఒక ఊగుకు పట్టే కాలం) 1.41 రెట్లు తక్కువ. ఆ రన్‌లో ఎక్స్‌కు ఒక్క రాడ్డే ఉంచండి.

కొత్తకాలమ్
చివరిది. పై అంతస్తులో రిజిడ్ డయాఫ్రమ్ (నేలను తన తలంలో సాగని పలకగా చూడడం) పెట్టాను. బ్రేస్డ్ బేలో బీము యాక్సియల్ సున్నా వస్తోంది. బ్రేసు 60 తోస్తుంటే బీములో సున్నా ఎలా?

గసెట్‌బాబాయ్
రిజిడ్ అన్నావు కాబట్టి బీము రెండు చివర్లూ దగ్గరా దూరమూ జరగవు. జరగనిచోట యాక్సియల్ ఉండదు, బలం కనిపించని ఆ పలక గుండా పోయింది. నీ నేల ఏమిటి, కాంక్రీటా?

కొత్తకాలమ్
గ్రేటింగ్ బాబాయ్.

గసెట్‌బాబాయ్
గ్రేటింగా! క్లిప్పులతో కూర్చున్న జల్లెడను పలక అంటున్నావు. తీసెయ్, ప్లాన్ బ్రేసింగ్ (నేల తలంలో పడుకున్న బ్రేసులు) పెట్టు, అప్పుడు బీములో నిజమైన అంకె వస్తుంది. బీము కనెక్షన్ షియర్‌తో పాటు దానికీ చూడాలి.

సైటుపక్షి
ఒక్క మాట, మోడల్లో రెండు ట్యూబులూ తెగకుండా దాటుతున్నాయి. సైటులో ట్యూబులో నుంచి ట్యూబు దూరదు. ఒకటి నిండుగా పోతుంది, రెండోది నడుమ కోసి ప్లేటుతో కలుపుతాం. అది చెప్పారా డ్రాయింగులో?

కొత్తకాలమ్
లేదు. అయితే కోసిన దానికి మధ్యలో రిలీజ్ పెట్టాలా?

చేతిలెక్క
పెట్టాలి, ప్లేటు పలచనైతే. కోసిన రెండు ముక్కలకూ మధ్య నోడ్ వైపు ఎంవై, ఎంజెడ్ వదలండి, టార్షన్ ఉంచండి. నిండు ట్యూబుకు మధ్యలో ఏదీ వదలొద్దు, నోడ్‌ను పట్టుకునేది అదొక్కటే. పట్టుకోగలదా అన్నది కోసిన ట్యూబు కంప్రెషన్‌లో ఉన్న కేసుతో చెక్ చేయండి.

కొత్తకాలమ్
చేశాను. హెచ్చరికలు లేవు. కోసిన ట్యూబు ముక్కల్లో బరువు మొమెంట్ 0.35 కి పడిపోయింది, సగం పొడవు కదా. ప్లేటు 10 మి.మీ. చాలా, 16 కావాలా?

సైటుపక్షి
16 వెయ్యి. 10 అయితే ఎత్తేటప్పుడే వంగుతుంది.